రుషికొండ ఇసుకలో పదో తరగతి పాఠం

విశాఖలోని మధురవాడ పిల్లలు ఆదివారం రుషికొండ బీచికి వెళ్లొస్తే కాళ్లకు అంటుకుని నల్లటి ఇసుక కూడా ఇంటికొస్తుంది. అల వెనక్కి తగ్గిన చోట చారలు చారలుగా కనిపించే ఆ నలుపు మురికి కాదు. తూర్పు కనుమల రాళ్లు అరిగి, వాగుల్లో కొట్టుకొచ్చి, అలలు జల్లెడ పట్టి మిగిల్చిన బరువైన ఖనిజాలవి. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతానికి పాలిథిన్ కవరు చుట్టి ఆ చారల మీద ఆడిస్తే, మాగ్నటైట్ రేణువులు ముళ్లపంది ముళ్లలా నిక్కబొడుచుకుని అతుక్కుంటాయి. ఇల్మనైట్‌ను లాగాలంటే ఇంకా గట్టి అయస్కాంతం కావాలి. జిర్కాన్, రూటైల్ అయితే అటు తిరిగైనా చూడవు. ఒడిశాలోని ఛత్రపురంలో ఐఆర్‌ఈఎల్ కర్మాగారం బీచి ఇసుకలోని ఖనిజాలను విడదీయడానికి వాడుకునే తేడాల్లో ఇదొకటి.

అదే పిల్లలు బడిలో మాత్రం ఈ అయస్కాంతత్వ పాఠాన్ని వేళ్లు చాపి వల్లె వేస్తారు. బొటనవేలు బలం, చూపుడువేలు క్షేత్రం, మధ్యవేలు కరెంటు. మోటారుకు ఎడమచేయా, కుడిచేయా అన్న తికమక పరీక్ష హాలు దాకా వెంటాడుతుంది. ఫ్లెమింగ్ నియమం తప్పని కాదు. మోటారు విప్పి చూడని పిల్లవాడికి అది వట్టి వేళ్ల లెక్క.

1820లో కోపెన్‌హాగెన్‌లో అయిర్‌స్టెడ్ కనిపెట్టిందేమిటి? తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది, అంతే. 1831లో ఫారడే దాన్ని తిరగేశాడు. తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిపితే కరెంటు పుట్టింది. బ్యాటరీ, రాగితీగ, మేకు, దిక్సూచి, అయస్కాంతం ఉంటే ఏ బడిలోనైనా ఈ రెండూ చేసి చూపించవచ్చు. మేకు చుట్టూ ఎనామిల్ తీగ యాభై చుట్లు చుట్టి, రెండు టార్చి సెల్లులు తగిలిస్తే గుండుసూదులు ఎగిరొచ్చి పట్టుకుంటాయి. సెల్లు తీసేస్తే రాలిపోతాయి. ఇళ్లలో వచ్చే కరెంటు జోలికి మాత్రం పోకూడదు.

ఉక్కునగరంలో ఉంటూ ఇంకో సంగతి తెలియకపోతే ఎలా? తుక్కు ఇనుమును ఎత్తే క్రేన్ అయస్కాంతం, ఎర్రగా కాలిన ఇనుమును ఎత్తలేదు. దాదాపు 770 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇనుము తన అయస్కాంత బుద్ధి మరచిపోతుంది.

ఇక అసలైన గురువులు వైండింగ్ షాపుల్లో ఉన్నారు. బోరు మోటారు కాలిందంటే విప్పకముందే వాసన చూసి చెప్పేస్తారు. తిరుగుతున్నంతసేపూ మోటారు తన చుట్లలోనే ఎదురు వోల్టేజీ పుట్టించుకుని, లోపలికొచ్చే కరెంటును అదుపులో పెట్టుకుంటుంది. వోల్టేజీ పడిపోయో, పంపు బిగుసుకునో వేగం తగ్గితే ఆ ఎదురు సన్నగిల్లుతుంది. కరెంటు ఎగబడుతుంది, తీగ మీది ఎనామిల్ మాడుతుంది. ఫారడే సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ గైడులోనూ దొరకదు.

స్ఫటికాల అయస్కాంత గుణాలను పరిశోధించిన సూరి భగవంతం భౌతికశాస్త్రం చెప్పింది ఈ ఊళ్లోని ఆంధ్రా యూనివర్సిటీలోనే. బైలదిల్లా ఇనుప ఖనిజం కేకే (కొత్తవలస–కిరండూల్) రైలు మార్గం మీదుగా దిగేదీ ఈ విశాఖకే. ఇన్ని ఉన్న ఊళ్లో ఈ పాఠానికి నల్లబల్ల ఒక్కటే దిక్కు కావడం సిగ్గుచేటు. పదో తరగతి మార్కుల్లో కొన్నయినా చేతిపనికి కేటాయించాలి. పిల్లవాడు చుట్టిన మేకు ఎన్ని సూదులు ఎత్తిందో టీచరు లెక్కపెట్టి వేసే మార్కులవి. ఏడాదికొక్కసారైనా తరగతిని వైండింగ్ షాపుకు తీసుకెళ్లాలి. ఆ మెకానిక్‌ను బడికి పిలిచినా మంచిదే.

ప్రభుత్వం కదిలేదాకా అమ్మానాన్నలు ఆగనక్కర్లేదు. ఈ ఆదివారం బీచికి వెళ్లేటప్పుడు ఒక అయస్కాంతం పట్టుకెళ్లండి. కవరు చుట్టడం మాత్రం మరవకండి. లేకపోతే ఆ నల్ల రేణువులు ఎంత తుడిచినా వదలవు.