‘నుంచి’ అనే మాటలో దాగిన మూడు లక్షలు



మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు విభక్తులు బోధించినవాడిని. ‘నుంచి’ అపాదానాన్ని తెలుపుతుందనీ, అపాదానమంటే ఒక వస్తువు విడిచి తొలగిపోయే చోటనీ చెప్పేవాడిని. ఆ సూత్రానికి ఇంత చక్కని ఉదాహరణ కారు ప్రకటనలో దొరుకుతుందని ఊహించలేదు. “ధర రూ. 5.99 లక్షల నుంచి*” అని అచ్చువేశారు. నిజమే. ధర ఆ చోటిని విడిచి తొలగిపోయింది, మళ్లీ అటు తిరిగి చూడలేదు.

కోరుట్లలో నా పూర్వవిద్యార్థి ఒకడున్నాడు. ఎనిమిదేండ్లు మస్కట్‌లో కష్టపడి వచ్చాడు. తల్లిని వారానికి రెండుమార్లు డయాలిసిస్‌కు కరీంనగర్ తీసుకుపోవాలి. ప్రకటన చూసి, షోరూముకు వెళ్లి, ముందు బయానా కట్టి, ఆ తరువాత లెక్కకాగితం పట్టుకొని జగిత్యాలలోని మా ఇంటికి వచ్చాడు. “సార్, పేపర్ల ఆరు లక్షలే రాసిండ్రు. ఆడికి పోతే తొమ్మిది దాటింది.”

కాగితం చూశాను. ప్రకటించిన రకం “స్టాకు లేదు”. ఉన్న రకం రూ. 7,45,000. జీవితకాలపు పన్ను నూటికి 14 చొప్పున రూ. 1,04,300. బీమా 42,000. యాక్సెసరీలు 24,000. అదనపు వారంటీ 14,000. హ్యాండ్లింగ్ ఛార్జీలు 9,500. ఫాస్టాగ్ 600. మొత్తం రూ. 9,39,400. అచ్చయిన ధరకూ దీనికీ తేడా రూ. 3,40,400.

మా ప్రాంతపు రైతు వడ్లు అమ్మబోతే తరుగు తీస్తారు. అతని కొడుకు కారు కొనబోతే పెరుగు వేస్తారు. రెండు చోట్లా నష్టపోయేది ఒకే ఇల్లు.

సిరిసిల్ల మిత్రుడొకరికి పండుగ తగ్గింపు “రూ. 50,000 వరకు” అన్నారు. అందులో సగం పాత కారు మార్చుకొనేవారికి, మిగిలిన దానిలో అధికభాగం ఫలానా సంస్థల ఉద్యోగులకట. ధర దగ్గర ‘నుంచి’, తగ్గింపు దగ్గర ‘వరకు’! వ్యాకరణం ఇంత బాగా వచ్చినవారు వ్యాపారంలో ఉన్నారు గనుకనే మాబోటి పండితులకు పని లేకపోయింది.

“పన్ను రాష్ట్రానికొక తీరు, అందుకే ఎక్స్-షోరూమ్ ధర వేస్తాం” అని వారి సమాధానం. దేశమంతటికీ వేసే ప్రకటనకు ఆ మాట చెల్లుతుంది. జిల్లా సంచికలో, తెలుగులో, మన ఊరి షోరూము పేరుతో వేసే ప్రకటనకు ఎలా చెల్లుతుంది? చదివేవాడు తెలంగాణవాడని తెలుసు. ఇక్కడి పన్ను తెలుసు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేండ్ల థర్డ్‌పార్టీ బీమా తప్పనిసరి అనీ తెలుసు. తెలిసినదాన్ని దాచడం అజ్ఞానం కాదు, వంచన.

పన్ను ప్రభుత్వానికి పోతుంది, దానిపై వివాదం లేదు. వివాదమంతా తక్కిన పద్దుల మీదనే. బీమా డీలరు వద్దనే కొనాలన్న నియమం లేదు. యాక్సెసరీలు, అదనపు వారంటీ కొనేవాడి ఇష్టం. బండిని అమ్మకానికి సిద్ధం చేసి అప్పగించడం అమ్మేవాడి ధర్మం. దానికి మళ్లీ హ్యాండ్లింగ్ రుసుమేమిటి? పెండ్లిలో వడ్డించినందుకు విస్తరి దగ్గర కూలి అడిగినట్లుంది.

చట్టం లేదా అంటే ఉన్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలకు పది లక్షల వరకు జరిమానా విధించవచ్చు అంటున్నది. 2022 జూన్ మార్గదర్శకాలు ఎర ప్రకటనలకు షరతులు పెట్టాయి. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతూ ఆ భాషలోనే, అదే అక్షరాలలో ఉండాలన్నాయి. మరి పెద్ద తెలుగు అక్షరాల కింద చీమతలకాయంత ఆంగ్లంలో షరతులు ఎందుకున్నట్లు? ఇది నా జేబుకే కాదు, నా భాషకు కూడా జరిగిన అవమానం.

కాబట్టి నా కోరిక ఒకటే. జిల్లాలో వేసే ప్రతి ప్రకటనలో పన్ను, తప్పనిసరి బీమా కలిపిన ధరనే పెద్ద అక్షరాలలో వేయాలి. అంతవరకూ మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బయానాకు ముందే పద్దులవారీ లెక్క రాతమూలకంగా అడగండి. ఇష్టం లేని పద్దు కొట్టివేయించండి. వినకపోతే 1915కు ఫోన్ చేయండి. మనం నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, అమ్మినవాడి ఊరికి తిరగనక్కరలేదు.

నా శిష్యుడు మళ్లీ వెళ్లాడు. యాక్సెసరీలు, వారంటీ, హ్యాండ్లింగ్ కొట్టివేయించి, రూ. 47,500 మిగుల్చుకొని వచ్చాడు. అడిగితే పోయిన పద్దులు, అడగకపోతే ఎవరి ఇంటికి పోయేవో మీరే ఆలోచించండి.