కుందేలు పళ్లకు ఇంకెంతకాలం వైద్యం?



బోధన్ వైపు చెరకు పండించుకునే ఒక కుటుంబం పోయిన నెల నన్ను ఒక మాట అడిగింది. వాళ్లింట్లో ఐదేళ్ల తెల్ల కుందేలు ఉంది. దాని దవడ పళ్లు సరిగా అరగవు. పెరిగిన పళ్లు నాలుకకు గుచ్చుకుంటే తిండి మానేస్తుంది. ఆరు వారాలకోసారి బుట్టలో పెట్టుకుని హైదరాబాద్ పోయి, మత్తు ఇప్పించి, పళ్లు అరగదీయించి తెస్తున్నారు. రానూపోనూ దాదాపు 400 కిలోమీటర్లు. ఈ మధ్య ఆరు వారాలు కాస్తా నాలుగయ్యాయి. "అయ్యగారూ, ఇంకెన్నిసార్లు తిప్పాలె? ఆపేస్తే పాపమా?" అని ఆ ఇంటి తల్లి అడిగింది. పేర్లు చెప్పకుండా రాయమని వాళ్లే అన్నారు కాబట్టి, నా అభిప్రాయం అందరి ముందు పెడుతున్నాను.

ఊళ్లో వాళ్లకు మూడు రకాల సలహాలు వచ్చాయట. ఒకరు "నాలుగొందల కుందేలుకు గన్ని వేలా? ఇడిసిపెట్టుండ్రి" అన్నారు. ఇంకొకరు "చెరకు తోటల ఇడిస్తే అదే బతుకుతది, చెవులపిల్లులు బతుకుతలేవా?" అన్నారు. మూడో ఆయన మన విశ్వాసే. "ప్రార్థన చేసి దేవునికి వదిలేయండి" అన్నాడు.

ఇలాంటి సంగతి మీద సంఘ కాపరి రాయాలా అని మీలో కొందరికి అనిపించవచ్చు. సామెతలు 12:10 చూడండి. ఇంట్లో ఉన్న మూగజీవి ప్రాణం గురించి పట్టించుకోవడం నీతిమంతుని లక్షణాల్లో ఒకటని అక్కడ ఉంది. అదే వచనం రెండో సగం భక్తిహీనుల గురించి చెబుతూ, వాళ్లు ప్రేమ అనుకునేది కూడా క్రూరంగానే ఉంటుందని హెచ్చరిస్తుంది. అంటే కనికరం అని మనం పేరు పెట్టినంత మాత్రాన అది కనికరం అయిపోదు, పరీక్షించి చూడాలి. యోనా గ్రంథం చివరి వచనంలో దేవుడు నీనెవె మీద జాలిపడుతూ 1,20,000 మందికి పైగా మనుషులతో పాటు అక్కడి పశువులను కూడా లెక్కలోకి తీసుకున్నాడు. లేవీయకాండము 11వ అధ్యాయంలో కుందేలు అపవిత్రమైన వాటిలో ఉంది కదా అని ఒక తమ్ముడు నన్ను అడిగాడు. అది ఇశ్రాయేలీయులు ఏమి తినాలో చెప్పిన నియమం. నొప్పితో ఉన్న జీవిని ఎలా చూడాలో చెప్పిన మాట కాదు.

ముందు ఆ జబ్బు ఏమిటో తెలుసుకుందాం. తెలియకుండా తీర్పు చెప్పకూడదు. కుందేలుకు 28 పళ్లుంటాయి. మన పళ్లలా ఒక ఎత్తుకు వచ్చి ఆగిపోవు, బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. ముందరి పళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డి గంటల తరబడి నమిలితే పళ్లు ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి. దవడ పుట్టుకతోనే వంకరగా ఉన్నా, గడ్డికి బదులు దాణా, రొట్టె, బిస్కెట్లు ఎక్కువగా పెట్టినా ఆ అరుగుదల తప్పిపోతుంది. అప్పుడు దవడ పళ్లకు పక్కల మొనలు లేచి నాలుకను, బుగ్గను కోస్తాయి. పళ్ల వేర్లు లోపలికి పెరిగితే కంటి నీటి నాళం మూసుకుపోయి కన్ను కారుతుంది. వేరు దగ్గర చీము పడితే కష్టం ఇంకా ఎక్కువ. కుందేలు చీము గట్టిగా ముద్దలా ఉంటుంది. గడ్డ కోసినంత మాత్రాన కారిపోదు.

ఇంకో సంగతి. కుందేలు వేటకు గురయ్యే జంతువు, నొప్పిని దాచుకుంటుంది. కుక్కలా మూలగదు, మేకలా అరవదు. చొంగ కారడం, గడ్డం కింద తడి, పళ్లు పటపటలాడించడం, పెంటికలు చిన్నవి కావడం, మూలకు ముడుచుకుని కూర్చోవడం, ఇవే దాని భాష. సగం రోజు, ఒక రోజు ఏమీ తినకపోతే పేగు కదలిక ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. "నాలుగు రోజులు చూద్దాం" అనే మాట గేదె విషయంలో ఒక్కోసారి నడుస్తుందేమో గానీ, కుందేలు విషయంలో నడవదు.

వైద్యం ఏమిటంటే, మత్తు ఇచ్చి మొనలు అరగదీయడం, నొప్పికి మందు వేయడం. ముందరి పళ్లు మాత్రమే చెడితే వాటిని పూర్తిగా తీసేయవచ్చు. ఆ తర్వాత తిండి చిన్నగా తరిగి పెడితే కుందేలు హాయిగానే బతుకుతుంది. దవడ పళ్ల విషయంలో చాలాసార్లు పూర్తి స్వస్థత ఉండదు, వాయిదా మాత్రమే ఉంటుంది. ఆరు వారాలకోసారి అంటే ఏడాదికి ఎనిమిది తొమ్మిది సార్లు మత్తు. 2008లో బ్రిటన్‌లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో మత్తు ఇచ్చిన కుందేళ్లలో 1.39 శాతం రెండు రోజుల లోపే చనిపోయినట్టు తేలింది, అంటే సుమారు 72లో ఒకటి. కుక్కల్లో అది 0.17 శాతమే. కాబట్టి ప్రతి ప్రయాణం వెనుక ఒక ప్రమాదం ఉంది. బస్సులో కొత్త చప్పుళ్ల మధ్య ఆ చిన్న గుండె పడే భయం కూడా ఉంది.

మార్కు 5వ అధ్యాయంలోని రక్తస్రావం గల స్త్రీని గుర్తు తెచ్చుకోండి. ఎంతోమంది వైద్యుల దగ్గరికి తిరిగింది, ఉన్నదంతా ఖర్చు పెట్టింది, జబ్బు ఇంకా ముదిరింది. వైద్యం కూడా ఒక్కోసారి బాధ అవుతుందని సువార్తికుడు దాచకుండా రాశాడు. వైద్యం చేయించడం విశ్వాసానికి వ్యతిరేకం అని ఎవరూ అనకూడదు, వైద్యాన్ని ఎన్నటికీ ఆపకపోవడమే ప్రేమ అని కూడా అనకూడదు.

ఇక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వైద్యం కొనసాగించడం కనికరం కావచ్చు. వైద్యం ఆపి, డాక్టరు చేత నొప్పి లేకుండా ప్రాణం విడిపించడం కూడా కనికరం కావచ్చు. ఈ రెండూ చేయకుండా మూలన వదిలేయడం మాత్రం కనికరం కాదు. మన పల్లెల్లో ఎక్కువగా జరిగేది ఈ మూడోదే. "ఇడిసిపెట్టుండ్రి", "తోటల ఇడువుండ్రి", "దేవునికి వదిలేయండి" అనే మూడు సలహాలూ చివరికి అక్కడికే చేరతాయి. పళ్లు పట్టని కుందేలు ఆకలితో, తిండి ముందే కూర్చుని చస్తుంది.

చెరకు తోట మాట కూడా తేల్చుకుందాం. మన పొలాల్లో పరుగెత్తే చెవులపిల్లి వేరే జాతి. ఇంటి కుందేలు తరతరాలుగా మనిషి చేతి కింద పెరిగినది. తెల్లగా కనబడుతుంది, పరుగు తక్కువ, దారి తెలియదు. కుక్కకో నక్కకో ముంగిసకో ఆ రాత్రే దొరికిపోతుంది. 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం కూడా, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం నేరం.

దేవునికి వదిలేయడం గురించి ఆ సహోదరునితో ప్రేమతో ఒక మాట అంటాను. విశ్రాంతి దినాన బావిలో పడిన ఎద్దును వెంటనే పైకి లాగరా అని ప్రభువు లూకా 14వ అధ్యాయంలో పరిసయ్యులను అడిగాడు. వాళ్లు జవాబు చెప్పలేకపోయారు. గట్టు మీద నిలబడి ప్రార్థన మాత్రమే చేస్తాం అని వాళ్లు కూడా అనలేదు. ప్రార్థన చేద్దాం, చేసి చేయి కూడా చాపుదాం.

అయితే కొనసాగించాలా, ఆపాలా? ఎలా తేల్చుకోవాలి? ఆ కుటుంబంతో నేను చెప్పిన నాలుగు సంగతులు మీకూ చెబుతాను.

మొదటిది, రోజులు లెక్కపెట్టండి. గోడ మీద క్యాలెండర్‌లో ప్రతి రాత్రి ఒక గుర్తు పెట్టండి. తానుగా తిన్నదా, చెవులు లేపి ఎదురొచ్చిందా, ఒళ్లు శుభ్రం చేసుకుందా? అయితే మంచి రోజు. వైద్యం అయిన తర్వాత ఐదు వారాలు మంచివి, ఒక వారం కష్టం అయితే, ఖర్చు భరించగలిగితే, కొనసాగించడంలో అర్థం ఉంది. చేయించిన పది రోజులకే మళ్లీ చొంగ మొదలై, నెలలో సగం రోజులు పిచికారీతో నోట్లో పోసి బతికించాల్సి వస్తే, మనం పొడిగిస్తున్నది బతుకును కాదు, నొప్పిని.

రెండోది, డాక్టరును సూటిగా అడగండి. "వేర్లు ఎలా ఉన్నాయి? దవడ ఎముకలో చీము ఉందా? ఎక్స్‌రే తీయాలా? మీ ఇంటి కుందేలైతే మీరేం చేస్తారు?" మన ప్రాంతంలో పశువుల డాక్టర్లకు ఎక్కువగా అలవాటైనవి గేదెలు, మేకలు, కోళ్లు. కుందేలు పళ్లు చూసే అనుభవం ఉందా అని అడగడం అవమానం కాదు. మీ అంతట మీరు గోళ్ల కత్తెరతో పళ్లు కత్తిరించకండి, పన్ను నిలువునా చీలిపోతుంది. మనుషులకు వాడే అమాక్సిసిలిన్ లాంటి మందు నోటి ద్వారా ఇవ్వకండి. అది కుందేలు పేగుల్లో ఉండాల్సిన మేలైన క్రిములను చంపి దాని ప్రాణం తీయగలదు.

మూడోది, డబ్బు గురించి సిగ్గుపడకండి. బోధన్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడ్డాక, జీతం ఆగిపోవడం అంటే ఏమిటో మనలో చాలామందికి తెలుసు. నాలుగు వందలకు కొన్న జీవికి నాలుగు వేలు పెట్టడం తప్పు కాదు, కొన్న వెల ప్రాణం వెల కాదు. కానీ వడ్డీకి తెచ్చి పెడుతుంటే ఆపమంటాను. పిల్లల ఫీజు ఆగితే, ఇంట్లో ముసలమ్మ ఆరు నెలలుగా పంటి నొప్పితో గంజి తాగుతుంటే, వరుస తప్పిందన్నమాట. ఇక భరించలేం అని డాక్టరుతో చెప్పి, నొప్పి లేని ముగింపు అడిగే కుటుంబం దేవుని యెదుట తలవంచుకోనక్కరలేదు.

నాలుగోది అన్నిటికంటే కష్టమైనది. ఇది ఎవరి కోసం చేస్తున్నాం? 2 సమూయేలు 12లో నాతాను దావీదుకు చెప్పిన కథలో ఒక పేదవాడు గొఱ్ఱెపిల్లను కూతురిలా పెంచుకున్నాడు. ప్రవక్త ఆ ప్రేమను ఎగతాళి చేయలేదు, రాజు మనస్సాక్షిని కదిలించడానికి దాన్నే వాడాడు. కాబట్టి మీ ప్రేమను ఎవరూ తక్కువ చేయకూడదు. అయితే ప్రేమించేవాళ్లకు విడిచిపెట్టడం రాదు. "అది లేకుండా నేను ఉండలేను" అనే మాట మన బాధ గురించిన మాట. కుందేలు బాధ గురించి వేరుగా అడగాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ప్రాణం విడిపించడం గురించి నేను రాసింది జంతువుల విషయంలోనే. మనిషి దేవుని స్వరూపంలో చేయబడ్డాడు. మంచం పట్టిన తల్లిదండ్రుల విషయంలో ఈ మాటలు ఎవరూ తిప్పి వాడుకోవద్దు. జంతువు విషయంలో, తెలిసిన డాక్టరు ముందుగా మత్తు ఇచ్చి, ఆ నిద్రలోనే ముగిస్తాడు. కుందేలును చేతుల్లో పట్టుకుని మీరు పక్కనే ఉండవచ్చు.

పిల్లలకు అబద్ధం చెప్పకండి. "పొలంలోకి పారిపోయింది" అంటే నెలల తరబడి గట్ల మీద వెతుకుతారు. జబ్బు ఇలా ఉంది, ఇంతవరకు చేశాం, ఇక దానికి నొప్పి వద్దనుకున్నాం అని చెప్పండి. ఏడుస్తారు, ఏడవనివ్వండి. బాధ్యత అంటే తిండి పెట్టడమే కాదు, చివరిదాకా దగ్గరుండటం అని ఆ రోజు నేర్చుకుంటారు.

ఇళ్లల్లో కొత్తగా కుందేలు పిల్లలను పెంచుతున్నవారికి కూడా ఒక మాట. మన పొలం గట్ల మీద గరిక ఊరికే దొరుకుతుంది. కలుపు మందు కొట్టని చోట కోసి, కడిగి, రోజంతా ముందు ఉంచండి. దాని తిండిలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. చెరకు ముక్కలు, బెల్లం, బిస్కెట్లు, రోజూ క్యారెట్లు ముద్దుగా పెట్టకండి. పుట్టుకతో వచ్చిన వంకరను గడ్డి సరిచేయలేదు గానీ, చాలా పళ్ల జబ్బులు రాకుండా కాపాడుతుంది.

ఆ కుటుంబం క్యాలెండర్‌లో గుర్తులు పెడుతోంది. ఏ నిర్ణయానికి వచ్చినా నేను వాళ్ల పక్కనే ఉంటాను, మీరూ ఉండండి. "కుందేలుకోసమా ఏడుపు" అని నవ్వకండి. చిన్న ప్రాణం విషయంలో నమ్మకంగా ఉన్న చేతులకే దేవుడు పెద్ద బాధ్యతలు అప్పగిస్తాడని నేను నమ్ముతాను.

కనికరం గల తండ్రి మీ ఇళ్లకు, మీ కొట్టాల్లోని మూగజీవులకు తోడుగా ఉండును గాక. ఆమేన్.