యోగం పడమటికి వెళ్ళిన దారిలో మదనపల్లె

యోగం మన దేశం నుండి పడమటి దేశాలకు ఎలా చేరింది అని అడిగితే మనవాళ్ళ దగ్గర రెండు సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. 1893లో వివేకానందుడు షికాగోలో మాట్లాడాడు, ఆ వెంటనే ప్రపంచమంతా మనకు శిష్యరికం చేసింది అన్నది ఒకటి. తెల్లవాళ్ళు మన యోగాన్ని ఎత్తుకుపోయి, రంగురంగుల చాపలూ బిగుతు లాగులూ తగిలించి మనకే తిరిగి అమ్ముతున్నారు అన్నది రెండవది. మొదటిది గర్వం, రెండవది ఉక్రోషం. ఈ రెంటిలోనూ మనుషులు కనిపించరు. ఎవరు ఎవరికి నేర్పారు, ఎక్కడ, ఏ అవసరం కొద్దీ అన్న వివరం ఉండదు. ఆ వివరం వెదుక్కుంటూ పోతే, దారి మన చిత్తూరు సీమకు వచ్చి ఆగుతుంది. ఆ సంగతి చిత్తూరు సీమలోనే ఎక్కువమందికి పట్టకపోవడం నాకు విచారంగా ఉంది. ఈ టపా అందుకోసమే.

వివేకానందుని పాత్రను తక్కువ చేయనక్కరలేదు. 1896లో వచ్చిన ఆయన 'రాజయోగ' గ్రంథం పడమటి పాఠకులకు పతంజలిని పరిచయం చేసింది. అయితే ఆయన ప్రచారం చేసినది మనోనిగ్రహం, ధ్యానం. హఠయోగంలోని ఆసనాల మీద ఆయనకు పెద్దగా గురి లేదు. ఇవాళ లండన్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో యోగా అనగానే కళ్ళముందు మెదిలేది త్రికోణాసనమూ శీర్షాసనమూ కదా! అవి షికాగో వేదిక మీదుగా వెళ్ళలేదు. అవి వెళ్ళిన ముఖ్యమైన దారి మైసూరు నుండి మొదలయింది.

నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఆదరణలో తిరుమలై కృష్ణమాచార్యులు (1888-1989) మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో 1930లలో యోగశాల నడిపారు. పాత హఠయోగ సంప్రదాయంతో పాటు అప్పటి వ్యాయామ పద్ధతులు కూడా అక్కడ కలిశాయని నార్మన్ స్యోమన్ 1996లో ఆ ప్యాలెస్ యోగ సంప్రదాయం మీద రాసిన పుస్తకంలో చర్చించాడు. ఆ వాదనలో ఎంత పాలు ఒప్పుకోవాలన్నది పండితుల తగవు. ఏమైనా, నేటి ప్రపంచ యోగానికి పెద్ద దిక్కులైనవారు ఆయన శిష్యులే: పట్టాభి జోయిస్, ఆయనకు బావమరిది అయిన బి.కె.ఎస్. అయ్యంగార్, విదేశీ వనిత ఇంద్రాదేవి, కుమారుడు టి.కె.వి. దేశికాచార్. ఈ నలుగురిలో ముగ్గురి కథల్లో ఒక తెలుగువాడు అడ్డుతగులుతాడు. ఆయన యోగాచార్యుడు కాడు. జిడ్డు కృష్ణమూర్తి.

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టాడు. ఆ ఊరు 2022 దాకా చిత్తూరు జిల్లాలోదే. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. ఉద్యోగ విరమణ తరువాత 1909లో కుటుంబంతో మద్రాసు అడయారుకు చేరాడు. అక్కడి సముద్రతీరంలో లెడ్‌బీటర్ కంటికి ఆ పిల్లవాడు కనబడటం, అనీబిసెంటు చేరదీసి జగద్గురువుగా ప్రకటించడం, 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో ఆయనే ఆ పీఠాన్ని కాదని తనకోసం కట్టిన సంస్థను రద్దు చేయడం అందరికీ తెలిసినవే. తెలియనిది ఆ ఓమెన్‌లోనే అంతకు మూడేళ్ళ ముందు జరిగిన చిన్న సంగతి.

1926లో ఓమెన్ శిబిరానికి యూజీనియా పీటర్సన్ అనే యువతి వెళ్ళింది. రీగా నగరంలో 1899లో పుట్టి, రష్యా విప్లవం తరువాత బెర్లిన్ చేరి నాటకాలాడుతున్న మనిషి. సాయంకాలం నెగడు చుట్టూ చేరిన జనం నడుమ కృష్ణమూర్తి సంస్కృత మంత్రాలు పాడుతుంటే విన్నది. ఆ స్వరం తన బ్రతుకును మార్చివేసిందని తరువాత చెప్పుకొన్నది. 1927లో భారతదేశానికి వచ్చింది, సినిమాలో నటించింది, ఒక చెక్ దౌత్యాధికారిని పెళ్ళాడింది. పదేళ్ళ తరువాత మైసూరు చేరి తనకు యోగం నేర్పమని కృష్ణమాచార్యులను అడిగింది. స్త్రీ, పైగా విదేశీయురాలు! ఆయన కాదన్నారు. మహారాజు చెప్పగా ఒప్పుకున్నారు. ఏడాది తిరిగేసరికి, ఇక నువ్వు నేర్పవచ్చు అన్నారు. ఆమె 1939లో షాంఘైలో మొదలుపెట్టి, యుద్ధం ముగిశాక అమెరికా చేరి, హాలీవుడ్‌లో సినీతారలకు యోగం నేర్పింది. ఇంద్రాదేవి అన్న పేరు అమెరికా ఇళ్ళల్లోకి వెళ్ళింది. 2002లో బ్యూనస్ ఏర్స్‌లో కన్నుమూసేదాకా ఆమె యోగాన్ని వదలలేదు.

రెండవ దారి పూణే నుండి స్విట్జర్లాండుకు. 1952లో వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ బొంబాయిలో అయ్యంగార్‌ను కలిసి, ఆ ఆసనాలతో తన వాద్యం బాగుపడిందని నమ్మి, 1954లో ఆయనను స్విట్జర్లాండులోని గ్‌స్టాడ్‌కు పిలిపించుకున్నాడు. కృష్ణమూర్తి కూడా అయ్యంగార్ దగ్గర ఏళ్ళ తరబడి ఆసనాలు నేర్చినవాడే. 1961 నుండి 1985 వరకు ఏటా వేసవిలో గ్‌స్టాడ్ పక్కనే ఉన్న సానెన్‌లో ఆయన ప్రసంగాలు జరిగేవి. ఆయన అక్కడ చాలా ఏళ్ళు దిగినది వాండా స్కారవెల్లి అనే ఇటలీ వనిత ఏర్పాటు చేసిన బసలో. ఆ పర్వతాల ఊరిలోనే ఆమె కూడా అయ్యంగార్ దగ్గర, తరువాత దేశికాచార్ దగ్గర నేర్చుకొన్నది. ఆమె 1991లో వెన్నెముకను గురించి వెలువరించిన పుస్తకాన్ని యూరపు యోగోపాధ్యాయులు ఇప్పటికీ చదువుతారు.

మూడవ ముచ్చట నాకు అన్నిటికన్నా ఇష్టం. 1965లో మద్రాసులో కృష్ణమూర్తికి డెబ్భై ఏళ్ళు. కృష్ణమాచార్యుల కొడుకు దేశికాచార్‌కు ఇరవై ఏడు. ఇంజనీరింగు చదివి, తండ్రి దగ్గర యోగం మొదలుపెట్టి కొన్నేళ్ళే అయిన కుర్రవాడు. ఊపిరిని అనుసరించి మెల్లగా సాగే ఆ పద్ధతి చూసి, ఇన్నాళ్ళూ నేర్చినదాన్ని పక్కనబెట్టి, కృష్ణమూర్తి మొదటినుండి నేర్చుకోవడానికి కూర్చున్నాడు. అంటే మేనమామ దగ్గర నేర్చినది వదిలి మేనల్లుడి దగ్గర అక్షరాభ్యాసం! దేశదేశాలవారు గురువుగా కొలవబోతే వద్దన్న మనిషి, కొడుకు వయసు కూడా లేని కుర్రవాడి ముందు శిష్యుడయ్యాడు. ఆ మరుసటేడే ఆయన పిలుపుమీద దేశికాచార్ స్విట్జర్లాండు వెళ్ళాడు. ఆయనకు పడమటి శిష్యులు ఏర్పడటానికి అది తొలి మెట్టు.

ఇప్పుడు ఒక ఆక్షేపణ రావచ్చు. ఇదంతా కృష్ణమూర్తి ఘనతేనా? మెనూహిన్ లేకపోతే అయ్యంగార్ 1966లో వెలువరించిన 'లైట్ ఆన్ యోగా' అంత దూరం పోయేదా? నిజమే, అంత ఘనత ఆయనకు కట్టబెట్టడం నా ఉద్దేశం కాదు. పట్టాభి జోయిస్ దారిలో ఆయన ప్రసక్తే లేదు. నేను చెప్పదలచుకొన్నది వేరు. యోగం పడమటికి వెళ్ళింది దండయాత్రగా కాదు, దొంగతనంగానూ కాదు. ఒక మనిషి పాట విని మరొక మనిషి ఓడ ఎక్కింది. ఒకరి భుజం నొప్పికి మరొకరు మందు చెప్పారు. అడిగినవారున్నారు, ఇచ్చినవారున్నారు, ఇచ్చినవారు మనస్ఫూర్తిగానే ఇచ్చారు. ఇచ్చినదాన్ని ఎత్తుకుపోయారనడం ఆ గురువులను అవమానించడమే.

ఇంకొకటి. ఆ ఆసనాలను ప్రతిదినం చేసిన కృష్ణమూర్తి వాటిని గురించి ఏమనుకొన్నాడు? శరీరం శుభ్రంగా, చురుకుగా ఉండటానికి అవి మంచివి. సత్యానికి అవి దారి కావు అన్నాడు. అసలు సత్యానికి ఏ దారీ లేదన్న మనిషి ఆయన. పతంజలిని పక్కనపెట్టుకొని చూసినా ఈ మాట అంత విపరీతంగా తోచదు. సూత్రాలు రెండు వందలకు కొంచెం తక్కువ. అందులో ఆసనాన్ని నేరుగా వివరించేవి మూడే మూడు. మన అలిపిరి మెట్లను తలచుకోండి. మూడువేల అయిదువందలకు పైగా మెట్లెక్కితే మోకాళ్ళు గట్టిపడతాయి, ఊపిరి నిలుస్తుంది. అది మంచిదే. కాని గట్టిపడిన మోకాళ్ళనే దర్శనమని ఎవరూ పొరబడరు. ఈ చిన్న వివేకం ఆసనాల విషయంలో మాత్రం మనకు ఎందుకో తప్పిపోతుంది.

తప్పిపోయినందువల్ల జరుగుతున్నదేమిటో చూడండి. అమెరికాలో బిక్రమ్ చౌదరి ఇరవై ఆరు ఆసనాల వరుస తన సొత్తన్నాడు. 2015లో అక్కడి న్యాయస్థానం అది ఎవరి సొత్తూ కాదన్నది. సొత్తు చేసుకోబోయినవాడు మన కలకత్తావాడు, కాదన్నది పరాయి కోర్టు! ఋషీకేశంలో, సాక్షాత్తూ మైసూరులో, అమెరికా సంస్థ ఒకటి నిర్ణయించిన రెండు వందల గంటల లెక్కప్రకారం ఉపాధ్యాయ పత్రాలు ఇస్తున్నారు. డెబ్భై ఏళ్ళకు మళ్ళీ మొదలుపెట్టిన కృష్ణమూర్తికి ఎన్ని గంటల పత్రం ఇస్తారో!

మనవైపు చూస్తే సంఖ్యల ఉత్సవం. 2014లో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని యోగ దినంగా ప్రకటించింది. 2025లో అదే రోజున విశాఖ సముద్రతీరంలో ప్రధానమంత్రి సమక్షంలో దాదాపు మూడు లక్షలమంది ఆసనాలు వేశారు. వేయనివ్వండి, నాకు అభ్యంతరం లేదు; ఒక్కరోజైనా నడుము వంగింది. అయితే మూడు లక్షలమందికి ఒకేసారి ఒకే ఆసనం నేర్పడం మైసూరు గురువు చివరికి చేరుకొన్న పద్ధతికి సరిగ్గా ఎదురు. ఎదుటి మనిషి వయసు, జబ్బు, ఊపిరి చూసి, అతనికి తగినంతే నేర్పాలన్నది తండ్రీకొడుకుల పట్టు. యోగం పడమట నిలదొక్కుకొన్నది ఒకరికి ఒకరు నేర్పడం వల్ల. మనం దాన్ని వరుసలలో నిలబెట్టి లెక్కపెడుతున్నాము.

మదనపల్లె అంటే నేడు టమాటా మార్కెట్టు గుర్తుకొస్తుంది. కాస్త చదివినవారికి 1919లో రవీంద్రుడు అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించిన సంగతి గుర్తుకొస్తుంది. రిషి వ్యాలీ బడి ఎందరికో తెలుసు. ఆ ఊరిలో పుట్టినవాడు ప్రపంచ యోగ చరిత్రలో రెండు మూడు మలుపుల దగ్గర నిలబడి ఉన్నాడన్నది మాత్రం ఏ పిల్లవాడి పాఠంలోనూ నేను చూడలేదు. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో యోగం చదివేవారున్నారు. ఓమెన్, గ్‌స్టాడ్, మద్రాసు, మైసూరు కలిపి గీసిన ఈ పటం వారిలో ఎవరైనా తెలుగులో సమగ్రంగా రాస్తే బాగుండును. విగ్రహాలు అక్కరలేదు, ఆయనే వద్దనేవాడు.

పిల్లలకు ఆసనాలు నేర్పండి. నేర్పేటప్పుడు, ఇది నీ ఒంటికి మంచిది, ఇంతకన్నా ఎక్కువ ఇందులో ఉందని ఎవరైనా అమ్మవస్తే ఒకసారి ఆలోచించు అని కూడా చెప్పండి. మదనపల్లె మనిషి ఏటికేడాది చాప మీద కూర్చుని చేసినదీ, లేచివచ్చి జనానికి చెప్పినదీ అంతే.