సూట్‌కేసులో కందిపప్పు, కంటెయినర్‌కు చేటు

విదేశీ విమానాశ్రయాల్లో ప్రయాణికుల దగ్గర తినుబండారాలు పట్టుబడ్డ వార్తలను కిరాణా, అపరాల వర్తకులు సాధారణంగా నవ్వుకొని వదిలేస్తారు. ఇండొనేసియాలో పశువులకు గాలికుంటు వ్యాధి సోకిన తరువాత, 2022 జులైలో, బాలి నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్ చేరిన ఒక ప్రయాణికుని సంచిలో రెండు మెక్‌మఫిన్లు, పందిమాంసం పెట్టిన రొట్టె ఒకటి వున్నట్టు అక్కడి కుక్క వాసన పట్టింది. ముందుగా చెప్పకుండా తెచ్చినందుకు 2,664 ఆస్ట్రేలియా డాలర్లు జరిమానా వేశారు. మన లెక్కలో లక్షన్నరకు దగ్గర. తిన్నదానికి కాదు, తిననిదానికి అంత బిల్లు కట్టడం చూసి నవ్వు రావడం సహజమే.

అయితే అదే దేశం 2020 అక్టోబరు నుంచి అమలు చేస్తున్న మరో ఆజ్ఞను చదివితే గుంటూరు మిర్చి వర్తకునికి గానీ, పప్పుమిల్లు యజమానికి గానీ నవ్వు రాదు. విమాన ప్రయాణికులు తమ సామానులో తీసుకురాకూడని సరుకుల పట్టిక అది. బియ్యం, గోధుమ, కంది, పెసర, శనగ, వేరుశనగ, ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి అన్నీ అందులో వున్నాయి. మన మార్కెట్ యార్డు ధరల పట్టిక కాపీ కొట్టినట్టుంటుంది. ఫ్యాక్టరీలో వేయించో, ఉడికించో తయారైన సరుకుకు మాత్రం మినహాయింపు వుంది.

దీనికంతకూ కారణం ఖప్రా పురుగు. దాని పుట్టిల్లు భారత ఉపఖండమేనని శాస్త్రజ్ఞులు చెబుతారు. పెద్ద పురుగు పొడవు రెండు, మూడు మిల్లీమీటర్లకు మించదు. రెక్కలున్నా ఎగరలేదు. అంటే ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్ళాలంటే దానిని మనిషే మోసుకుపోవాలి. గింజను తినేది వెంట్రుకలతో నిండిన దాని పిల్లపురుగు. అది విడిచిన పొరలు, వెంట్రుకలు కలిసిన ధాన్యం తినడానికి పనికిరాదు. తిండి దొరకకపోతే పిల్లపురుగు గోడ పగుళ్ళలో, చెక్కల సందుల్లో దూరి ఏళ్ళ తరబడి నిద్రలో వుండిపోతుంది. ఆ స్థితిలో వున్నప్పుడు గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలకు సైతం ఒక పట్టాన లొంగదు. ఆస్ట్రేలియా గోధుమ అమ్ముకొని బతికే దేశం. యీ పురుగు అక్కడ స్థిరపడితే 20 ఏళ్ళలో 1,550 కోట్ల డాలర్ల నష్టం వస్తుందని ఆ ప్రభుత్వం అంచనా వేసింది.

అంచనాలను అనుమానించేవారు కాలిఫోర్నియా సంగతి గుర్తు చేసుకోవచ్చు. 1953లో అక్కడి ఒక ధాన్యపు గోదాములో ఖప్రా బయటపడింది. గోదాములకు గోదాములనే టార్పాలిన్లతో కప్పి లోపల మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారు. నిర్మూలన పూర్తి కావడానికి పదేళ్ళు దాటింది, ఖర్చు సుమారు కోటీ పది లక్షల డాలర్లు అయింది. ఆ రోజుల డాలర్లు. అందుకే అమెరికా కూడా, ఖప్రా వున్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం తేవడాన్ని 2011లో నిషేధించింది.

వర్తకులు అడిగే ప్రశ్న ఒకటుంది. కొడుకు చదువుకొనే మెల్బోర్న్‌కు తల్లి తీసుకువెళ్ళే రెండు కిలోల కందిపప్పు ఎక్కడ, ఓడలో వెళ్ళే వందల టన్నుల సరుకు ఎక్కడ? ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. 2020లో ఆస్ట్రేలియాలో ఖప్రా బయటపడ్డ సరుకుల్లో విదేశాల నుంచి వచ్చిన ఫ్రిజ్‌లు, ప్లాస్టిక్ స్ట్రాలు వున్నాయి. వీటిలో తిండిగింజ ఒక్కటి లేదు. ఏనాడో ధాన్యం మోసిన కంటెయినర్ నేలచెక్కల కింద పురుగు దాగి వుంటే, తరువాత ఆ కంటెయినర్‌లో ఏ సరుకు ఎక్కితే దానితో అది ప్రయాణం చేస్తుంది. ఆ దేశం తరువాత కంటెయినర్ల మీద కూడా ఆంక్షలు పెట్టింది. కాని ఎక్కువ కేకలు వినబడేది మాత్రం సూట్‌కేసుల దగ్గరే.

అయినా సూట్‌కేసును తేలికగా తీసిపారేయడానికి వీల్లేదు. 2007లో పెర్త్ నగరంలో ఒక ఇంట్లో ఖప్రా కనిపించింది. బ్రిటన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబపు సొంత సామానుతో అది చేరింది. ఆ ఇంటి మొత్తాన్నీ మూసి పొగ పెట్టవలసివచ్చింది. ఓడ సరుకుకు సర్టిఫికెట్ వుంటుంది, పొగ పెట్టిన తేదీ వుంటుంది, తప్పు జరిగితే పట్టుకోవడానికి ఒక పార్టీ వుంటుంది. చీరల మడతల్లో దాచిన పప్పు పొట్లానికి ఇవేవీ లేవు. అది నేరుగా వంటింటి డబ్బాలోకి పోతుంది.

ఇక్కడే వర్తకుని లెక్క మొదలవుతుంది. పట్టుబడిన పొట్లం మీద అక్కడి అధికారి చూసేది ఏ ఊరి దుకాణం అని కాదు, ఏ దేశం అని. మచ్చ దేశం పేరున పడుతుంది, ఖర్చు ఎగుమతిదారు బిల్లులో పడుతుంది. సరుకు విషయంలో యీ అనుభవం మనకు కొత్త కాదు. 2013లో మన పండ్లు, కూరగాయల్లో 207 కన్‌సైన్‌మెంట్లలో పండుఈగ వంటి పురుగులు వచ్చాయని ఐరోపా కూటమి 2014 మే నుంచి మామిడితో పాటు వంకాయ, కాకర, పొట్ల, చేమలను ఆపివేసింది. ఈగ పట్టిన పెట్టెలు పంపినవారెవరో, శుభ్రంగా పంపినవారెవరో వేరుచేసి చూడలేదు. మామిడిపై నిషేధం ఎత్తివేయడానికి 2015 రావలసివచ్చింది. ఒక సీజను మొత్తం పోయింది.

యీ కట్టుబాట్ల వల్ల లాభం కూడా వుందన్నది వర్తకులు బయటికి చెప్పని సంగతి. ప్రయాణికుడు మోసుకుపోలేని కందిపప్పు, ఎండుమిర్చి అక్కడి భారతీయ దుకాణంలో కొనుక్కోవలసిందే. ఆ దుకాణానికి సరుకు వెళ్ళేది సర్టిఫికెట్‌తో, కంటెయినర్‌లో, మన ఎగుమతిదారుల చేతుల మీదుగానే. కనుక ఆంక్షలను తిట్టిపోసే ముందు ఎవరి గల్లా నిండుతోందో చూసుకోవడం మంచిది.

పరాయి దేశం కఠినంగా వుందనడానికి మనకు పెద్ద అర్హత కూడా లేదు. 2003 నాటి మన మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం బయటి నుంచి వచ్చే అపరాలకు మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టాలి. చలిదేశంలో అది కుదరదని కెనడా వర్తకులు ఏళ్ళ తరబడి మొత్తుకోగా, ఢిల్లీ సడలింపు గడువులు పొడిగిస్తూ వచ్చింది.

ప్రయాణికుని సంగతి నిజానికి చిన్నదే. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు కార్డు మీద తిండి సామాను వున్నదని రాస్తే జరిమానా లేదు. మహా అయితే సరుకు పోతుంది. రాయకుండా దాచినప్పుడే చిక్కు. పచ్చి పందిమాంసం వగైరాలతో సిడ్నీలో దిగిన వియత్నాం మహిళకు 2019 అక్టోబరులో ఏకంగా వీసాయే రద్దయింది. న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్లు వసూలు చేస్తారు. పొట్లాలు కట్టించుకొనే తల్లిదండ్రులకు యీ మాట చెప్పగలిగింది కొట్టు దగ్గర వున్న గుమాస్తా. అతనికి చెప్పవలసినవారు యజమాని.

యజమాని తన గోదాములో చూసుకోవలసింది వేరే వుంది. ఖప్రా ఎక్కువగా దాక్కునేది పాత గోనె సంచుల కుట్లలోనూ, గోడల బీటల్లోనూ. ఒక సీజనులో పప్పు నింపిన సంచినే మరో సీజనులో ధనియాలకు వాడడం మన మార్కెట్లలో అలవాటు. సంచికి పది, పదిహేను రూపాయలు మిగిలే యీ పొదుపు ఎగుమతి సరుకు దగ్గర బొత్తిగా పనికిరాదు. గోదాము ఖాళీగా వున్నప్పుడే బీటలు పూడ్చి, మూలలు ఊడ్చి, ఎగుమతికి కొత్త సంచులు విడిగా పెట్టుకోవాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొత్త మిర్చి టిక్కీలు యార్డులో దిగడం మొదలైతే ఆ పనికి ఎవరికీ తీరిక చిక్కదు.