ముందు ముక్కు తెరిపించండి, ఆ తరువాత నోరు మూయించండి

పిల్లవాడు నోరు తెరుచుకుని కూర్చుంటే మన ఇళ్ళలో పెద్దలు సాధారణంగా అనే మాట ఒకటి కలదు: "నోరు ముయ్యరా, ఈగలు దూరతాయి!" ఆ మాటలో మందలింపు ఉన్నదే కాని విచారణ లేదు. ఆ నోరు ఎందుకు తెరుచుకుని ఉన్నదని ప్రశ్నించేవారు అరుదు. దాదాపు నాలుగు దశాబ్దాల వైద్యవృత్తి తరువాత కూడా, ఒక పిల్లవాని విషయంలో నేను ఆ ప్రశ్న అడగక పొరబడ్డాను. ఆ అనుభవమే నా చేత ఈ వ్యాసం వ్రాయిస్తున్నది.

మనము వ్యాయామమనగానే చేతులను, కాళ్ళను, నడుమును తలచుకుంటాము. పెదవులను, చెంపలను, నాలుకను, దవడను నడిపించేవి కూడా కండరములే అన్న సంగతి మనకు స్ఫురించదు. ఈ కండరములకు శిక్షణ ఇచ్చే పద్ధతిని నేటి వైద్యులు మయోఫంక్షనల్ థెరపీ అంటున్నారు. వంకరపళ్ళను సరిదిద్దే అమెరికన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ రోజర్స్ 1918లోనే కండరముల శిక్షణకు, పలువరుసకు గల సంబంధాన్ని గురించి వ్రాశాడు. ఈ చికిత్స కోరేవి ముఖ్యంగా నాలుగు. ఊరక ఉన్నప్పుడు పెదవులు కలిసి ఉండాలి. నాలుక పైకి లేచి అంగిలిని ఆనుకొని ఉండాలి. శ్వాస ముక్కు ద్వారా సాగాలి. మింగేటప్పుడు నాలుక పళ్ళను ముందుకు నెట్టరాదు. నాలుక అదేపనిగా పళ్ళను నెడుతూ ఉంటే, తీగలు కట్టించి సరిచేయించిన పలువరుస సైతం మరల చెదరవచ్చును.

ఇక మన శాస్త్రము సంగతి. చరక సంహిత సూత్రస్థానము ఐదవ అధ్యాయంలో తైలగండూషము వలన కలిగే లాభములలో దవడలకు బలము, స్వరమునకు బలము, ముఖమునకు పుష్టి చెప్పబడినవి. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో ఈ విధికి ఒక అధ్యాయమునే కేటాయించాడు. ద్రవమును కదల్చ వీలులేనంతగా నోటినిండా నింపి నిలిపితే గండూషము. అటూ ఇటూ కదల్చ వీలైతే కవళము. గండూషంలో పెదవులు బిగియాలి, చెంపలు భరించాలి, శ్వాస ముక్కుతోనే నడవాలి. కవళంలో చెంపలు, నాలుక పని చేయాలి.

గురుకులంలో మా గురువుగారు తెల్లవారుజామున మమ్ములను వరుసగా కూర్చుండబెట్టి నువ్వులనూనె పోసేవారు. మాలో ఎవరికైనా జలుబు చేసి ముక్కు మూసుకుపోతే ఆ దినము వానిని లేపి పంపించేవారు. "ముక్కు ఆడనివాడికి గండూషమేమిటిరా?" అనేవారు. అప్పుడది నాకు చిన్న మినహాయింపుగా తోచినది. అందులోని వైద్యరహస్యము నాకు అరవై దాటిన తరువాతగాని బోధపడలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక తల్లి తన ఎనిమిదేళ్ళ కుమారుని తీసుకువచ్చినది. "ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉంటాడండీ. రాత్రి గురక. బడిలో కునికిపాట్లు పడుతున్నాడని పంతులమ్మగారు కబురు చేశారు" అన్నది. కఫప్రకోపమని నేను నిర్ణయించుకున్నాను. కవళము, పథ్యము చెప్పి, పెదవులు మూసి ఉంచే అలవాటు చేయించమన్నాను. మూడు నెలలు గడిచినా గుణము కనిపించలేదు. "నోరు ముయ్యమంటే ఊపిరాడటం లేదని ఏడుస్తున్నాడండీ" అని ఆమె చెప్పిన దినమున నాకు గురువుగారి మాట జ్ఞాపకము వచ్చినది. వెంటనే చెవి, ముక్కు, గొంతు వైద్యుని వద్దకు పంపాను. ముక్కు వెనుక భాగంలోని అడినాయిడ్ కణజాలము పెరిగి శ్వాసమార్గమును చాలావరకు మూసివేసినదని తేలినది. శస్త్రచికిత్స జరిగినది. ఆ పిల్లవాని మూడు నెలల నిద్రను నేను వృథా చేశాను.

అయితే కథ అక్కడితో ముగియలేదు. దారి తెరుచుకున్నా, పెదవులు మాత్రం పాత అలవాటు కొద్దీ విడివడే ఉన్నవి. అప్పుడు ఆ నోటికి శిక్షణ అవసరమైనది. నాలుకను అంగిలికి అంటించి టక్కుమనిపించడం, పెదవుల నడుమ సన్నని చెంచాను పట్టి ఉంచడం వంటివి తల్లి ఆటగా చేయించినది. కొన్ని నెలలకు వాని పెదవులు వాటంతట అవే కలిసినవి. మొదట పనికిరాని సాధన, తరువాత పనికివచ్చినది. భేదమంతా క్రమములోనే ఉన్నది.

పెద్దల గురక విషయంలోనూ ఈ వ్యాయామములను పరీక్షించారు. బ్రెజిల్ దేశంలో 2009లో ప్రకటించిన ఒక పరిశోధనలో, నిద్రలో శ్వాస ఆగే జబ్బు మధ్యస్థంగా ఉన్న 31 మంది పాల్గొన్నారు. వారిలో నాలుకకు, గొంతుకు మూడు నెలల పాటు వ్యాయామము చేసినవారికి శ్వాస అవరోధములు గంటకు సుమారు 22 నుండి 14కు తగ్గినవి. ఇది మంచి ఫలితమే. కాని 14 అనగా జబ్బు పోయినదని కాదు. పాల్గొన్నవారి సంఖ్య కూడా చిన్నదే. కనుక వ్యాయామము మొదలుపెట్టామని, వైద్యుడు సూచించిన శ్వాసయంత్రమును అటకమీద పెట్టరాదు.

"ఇవన్నీ మన ఋషులు ఏనాడో చెప్పారు" అని సభలలో చప్పట్లు కొట్టించుకునే వైద్యమిత్రులతో నేను ఏకీభవించను. చరకుడు దవడబలము చెప్పాడు. గురకకు నాలుక వ్యాయామము చెప్పలేదు. చెప్పని దానిని ఆయన నోట పెట్టడం గురుద్రోహము. అట్లే, మన దినచర్యను పాతచింతకాయపచ్చడిగా తోసివేయడం కూడా అవివేకమే.

గృహస్థులు చేయదగినవి కొన్ని చెబుతాను. పిల్లవాడు నోరు మూసుకొని రెండు మూడు నిమిషములు సుఖంగా ముక్కుతో శ్వాసించగలడేమో గమనించండి. జలుబు లేని రోజులలో కూడా అది సాధ్యము కాకపోయినా, రోజూ గురక పెట్టినా, నిద్రలో శ్వాస ఆగుతున్నట్లు తోచినా ముందు వైద్యపరీక్ష చేయించండి. ముక్కు బాగున్నదని తేలిన తరువాత నోటికి పని కల్పించండి. మెత్తని బిస్కెట్లు, పాలలో నానిన రొట్టె తగ్గించి, నమలగల వయసు పిల్లలకు జామకాయ, చెరుకు, తేగ ఇవ్వండి. రెండు దవడలతోనూ నమలమనండి. అక్షరమాలను గట్టిగా చదివించండి. కంఠము నుండి పెదవుల వరకు, క మొదలు మ దాకా, మన వర్గాక్షరములు నోటిలోని ఒక్కొక్క స్థానమును తాకుతూ సాగుతాయి. అది చికిత్స అని నేననను; మంచి అలవాటు అంటాను.

తైలగండూషము పెద్దలు కూర్చుని, గోరువెచ్చని నూనెతో చేసి ఉమ్మివేయాలి. ఐదేళ్ళలోపు పిల్లలకు కవళము వద్దని వాగ్భటుడే నిషేధించాడు. మింగుటలో ఇబ్బంది ఉన్నవారు కూడా మానుకోవాలి. నూనె పొరపాటున ఊపిరితిత్తులలో చేరితే ప్రమాదము. నోరు అకస్మాత్తుగా ఒకవైపు వంగితే ఇంటివైద్యముతో కాలయాపన చేయక తక్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. అది పక్షవాతమునకు తొలి సూచన కావచ్చును.

ఇటీవల రాత్రివేళ నోటికి పట్టీ అంటించుకునే వాడుక ఒకటి వచ్చినది. ముక్కు పరీక్షించకుండా పిల్లల నోటికి పట్టీ వేయడం నేను చేసిన పొరపాటు కంటె పెద్దది. నేను మాటతో మూయించాను. పట్టీ బలవంతంగా మూయిస్తుంది.

ఈ రాత్రి మీ పిల్లలు నిద్రించిన తరువాత ఒక్క పది నిమిషములు వారి ప్రక్కన కూర్చుని, ఏ దారిన ఊపిరి తీస్తున్నారో చూడండి. నేను అడగవలసి ఉండి అడగని ప్రశ్నకు సమాధానము అక్కడ దొరుకుతుంది.