వేరుసెనగ తెగుళ్ళును, గట్టుమీది వయ్యారిభామయు

వేరుసెనగ చేనిలో మొవ్వు మాడిన మొక్క కనబడినతోడనే, అది యే తెగులో విచారింపక మందుల దుకాణమునకు పోవుట మన రైతులలో ననేకులకు అలవాటైనది. తెగుళ్ళ జాతిభేదములు పండితులకే గాని రైతునకేల యని కొందరందురు. ఆ భేదము తెలియకపోవుటచేతనే రైతు సొమ్ము వ్యర్థమగుచున్నదని నా యభిప్రాయము.

2000 సంవత్సరపు ఖరీఫులో అనంతపురము జిల్లాలో రమారమి 2,25,000 హెక్టారుల వేరుసెనగ ఒక తెగులుచే దెబ్బతినెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించెనని అంచనా వేసిరి. చూపునకు అది మన మెరిగిన మొవ్వుకుళ్ళు తెగులును పోలియుండెను. పరీక్షింపగా కాండముకుళ్ళు అను వేరొక తెగులని తేలెను.

ఈ రెండును వైరసుల వలన కలుగునవే. రెంటి వ్యాప్తికిని తామరపురుగులే సాధనములు. అయినను ఈ వైరసులు రెండు వేర్వేరు కుటుంబములకు చెందినవి.

మొవ్వుకుళ్ళు వైరసు టోస్పో వర్గములోనిది. 1915లో ఆస్ట్రేలియా దేశమున టమాటా పైరుపై కనబడిన మచ్చల తెగులును బట్టి ఈ వర్గమునకు ఆ పేరు వచ్చినది. మన వేరుసెనగలోనిదియు ఆ టమాటా వైరసే యని చాలకాలము తలచిరి. అది వేరని 1992లో పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఈ వైరసును తామరపురుగు పిల్లదశలోనే రోగపు మొక్కనుండి గ్రహించును. అది పురుగు దేహములోనే వృద్ధిపొందును. రెక్కలు వచ్చిన పిమ్మట ఆ పురుగు బ్రతికియున్నంతకాలము తాను వ్రాలిన మొక్కలకెల్ల తెగులు నంటించుచుండును. లేతాకులపై వలయములు, మొవ్వు మాడుట, పిమ్మట పక్కకొమ్మలు గుబురుగా వచ్చి మొక్క గిడసబారుట దీని లక్షణములు.

కాండముకుళ్ళు వైరసు ఇలార్ వర్గములోనిది. ఇది పురుగు దేహములో వృద్ధిపొందదు. రోగపు మొక్కల పుప్పొడిలో నుండును. తామరపురుగులు ఒంటికంటిన పుప్పొడితో వచ్చి వేరుసెనగ ఆకును గీరి రసము పీల్చునప్పుడు, ఆ గాయముగుండా వైరసు లోనికి పోవును. లేతాకులు మాడి, ఆ మాడుట కాడలకును కాండమునకును ప్రాకును. లేతపైరైనచో మొక్కయే చచ్చును. ఈ పుప్పొడి ముఖ్యముగా ఎక్కడనుండి వచ్చుచున్నది? మన గట్లమీదను, బీళ్ళలోను, బాటల ప్రక్కలను పెరుగు వయ్యారిభామ మొక్కనుండి. ఆ మొక్క వైరసును మోయుచున్నను రోగచిహ్నమేదియు చూపదు. తెల్లని పూలతో పచ్చగా నిలిచియుండును.

ఇక భేదము తెలిసినందువలన రైతునకు లాభమేమి? పురుగుమందు పురుగును చంపును గాని, మొక్కలోని వైరసును చంపజాలదు. వేరుసెనగ పువ్వులో పుప్పొడి రేకులలో మూయబడియుండును గనుక, కాండముకుళ్ళు ఒక వేరుసెనగ మొక్కనుండి మరియొకదానికి ప్రాకదు. కావున జబ్బుపడిన వేరుసెనగను పెరికిన ప్రయోజనము లేదు. వయ్యారిభామను పూతకు ముందే పెరికిననే ప్రయోజనము. చేను చుట్టును జొన్నగాని సజ్జగాని కొన్ని వరుసలు వేసినచో బయటినుండి వచ్చు పురుగులకు అడ్డగును. మొవ్వుకుళ్ళునకైతే, సకాలమున విత్తుట, సజ్జను అంతరపంటగా వేయుట, మొక్కలు పలుచబడకుండ తగినంత విత్తనము వాడుట, తెగులును కొంత తట్టుకొను రకములను ఎన్నుకొనుట మేలు.

ఒక్క రైతు తన గట్టును శుభ్రము చేసినంత మాత్రమున చాలదు. పొరుగువాని గట్టున పూచిన మొక్కల పుప్పొడి వీని చేనికి వచ్చును. పోరంబోకులోని కలుపు మాకేల, అది సర్కారువారి పని యని కొందరు వాదింతురు. ఆ వాదము న్యాయమే కావచ్చును. కాని పుప్పొడి సరిహద్దురాళ్ళను చూడదు. నష్టము మాత్రము మన చేనికే కలుగును.

సహకారమన నప్పులిచ్చుటయు వసూలు చేయుటయు మాత్రమే కాదు. పైరు పోయినచో అప్పు తీరునది యెట్లు? కనుక ప్రతి సంఘమును తొలకరి వానలకు వయ్యారిభామ మొలచి పూతకు రాకమునుపే ఒక దినము నిర్ణయించి, ఇంటికొక మనిషి చొప్పున పోయి, గట్లు, బాటలు, బీళ్ళు అన్నిటను ఆ మొక్కను పెరికింపవలెను. పిదప మరల మొలచినవానికై ఇంకొక దినము కేటాయింపవలెను. చేతులకు తొడుగులు వేసికొనుట మరువరాదు. ఆ మొక్క తగిలిన కొందరికి ఒడలు దద్దురులెక్కును. రాలేని వృద్ధులకు, ఒంటరి స్త్రీలకు బదులు కూలివారిని పెట్టుటకు సంఘపు సాధారణనిధినుండి కొంత సొమ్ము తీయుట న్యాయము.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును తీర్మానరూపమున ప్రవేశపెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాను. తెగులు చేనిలో కనబడిన పిమ్మట చేయగలిగినది స్వల్పము. విత్తుటకు ముందు గట్టుమీద చేయగలిగినది చాల గలదు.