ఫోటోలు మనమే కడుగుదాం



మన పెట్టెల్లో అమ్మ ఫోటో ఎంతమందికి ఉంది? నాకు లేదు. ఫోటోలన్నీ ఫోన్లలో ఉన్నాయి, ఫోనేమో హాస్టలుకి తేకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మా పిన్ని ఫోను పోయింది. తాత ఫోటోలు దాంట్లోనే పోయాయి. ఇప్పుడాయన బొమ్మ ఓటరు కార్డు మీద ఉన్నదొక్కటే, అదీ గుర్తుపట్టలేం. మా యానాది గూడెంలో తాత ఫోటో గోడకున్న ఇల్లు ఒక్కటీ లేదు.

షాపులో ప్రింటు తీయించొచ్చు కదా అంటారు. తీయించొచ్చు. కానీ మనమే కడుక్కోవచ్చని సైన్సు సారు చెప్పిన దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. చీకటి గది, ఎర్ర బల్బు, ఫోటో పేపరు, డెవలపరు, హైపో ఉంటే చాలంట. ఫోనులో బొమ్మని నలుపు తెలుపు చేసి, నలుపుని తెలుపుగా, తెలుపుని నలుపుగా మార్చాలి. కుడి ఎడమలు కూడా తిప్పాలి, లేకపోతే అమ్మ ముక్కుపుడక రెండోవైపుకి పోతుంది! ఆ తెరని పేపరు మీద బోర్లించి ఒక్క క్షణం వెలిగించాలి. అప్పటికి పేపరు తెల్లగానే ఉంటుంది. డెవలపర్లో ముంచితే మెల్లగా మొహం వస్తుంది. వెలుగు తగిలిన చోట వెండి ఉప్పు నల్లటి వెండి అవుతుంది, మిగిలిన ఉప్పుని హైపో కరిగిస్తుంది. తర్వాత నీళ్ళలో బాగా కడగాలి. టెన్త్ అక్కలు బట్టీ పట్టే సిల్వర్ బ్రోమైడు ఇదే.

ఖర్చవుతుంది, నిజమే. వాడిన హైపోలో వెండి ఉంటుంది కాబట్టి కాలవలో పొయ్యకూడదు. ల్యాబు పక్క స్టోరు గదిని ఒక్క ఆదివారం ఇప్పించండి మేడం. ఫోను సారు ఇస్తానన్నారు. అమ్మ ఫోటో పిన్ని పంపుతానంది. మొదటి ఫోటో మా అమ్మదే, ముందే చెప్తున్నా.

– 9వ తరగతి విద్యార్థిని